యంత్రమునకు మరపు నేర్పుట

ఇంటర్నెట్టు వాడుక గలవారిలో ఈ అనుభవము లేనివారు అరుదు. పరీక్షకో, ఉద్యోగమునకో దరఖాస్తు నింపుచుందుము. పేరు, పుట్టిన తేది, చదివిన బడులు, వచ్చిన మార్కులు వరుసగా వ్రాయుదుము. ఇంతలో ఏదో ధ్రువపత్రము సంఖ్య కావలసివచ్చును. లేచి, బీరువా తెరచి, పాత కాగితములలో వెదకి, దానిని తెచ్చుకొని మరల కూర్చుండి బొత్తాము నొక్కుదుము. సెషన్ గడువు ముగిసినది, మరల ప్రవేశింపుడు అని తెరపై ఒక్క వాక్యము కనబడును. వ్రాసినదంతయు పోయినది. బల్లకు ఆవల గుమాస్తా ఉన్నచో నాలుగు మాటలని మనసు తేలిక చేసికొందుము. ఇచట అనుటకైనను ఎవరును లేరు.

యంత్రము మరచిపోయినదని మన ఫిర్యాదు. కాని అది తనంత తాను మరచినది కాదు. ఇంత కాలము గడచిన పిమ్మట మరువుమని దానికి ఒకరు చెప్పియుంచిరి; అట్లు చెప్పుటకు తగిన కారణమే కలదు. అసలు మరువనేరని సర్వరు ఎక్కువ దినములు నడువదు. ఐతే ఏది మరువవచ్చును, ఏది మరువరాదు, ఎప్పుడు మరువవలెను అను ప్రశ్నలకు ముందుగా సమాధానము చెప్పుకొనక, యంత్రము మొరాయించినప్పుడెల్ల దానిని ఆపి మరల నడిపించుచు పోయినచో అనర్థములు తప్పవు. ఈ విషయమునే మనము కొంత విపులముగా పరిశీలింతము.

మొదట రెండు మాటలు తేటపరచుకొందము. సర్వరనగా మన ఫోను నుండియో, కంప్యూటరు నుండియో వచ్చు కోరికలను అందుకొని సమాధానములు పంపు దూరపు యంత్రము. దానికి వ్రాసికొనుటకు రెండు తావులు కలవు. ఒకటి మెమరీ, ఇది పలక వంటిది. వ్రాయుటయు, చదువుటయు మిక్కిలి వేగము. కాని విద్యుత్తు ఆగినను, ప్రోగ్రామును ఆపి మరల ప్రారంభించినను పలక తుడిచినట్లే. రెండవది డిస్కు, ఇది వర్తకుని చిట్టా వంటిది. కొంత నిదానము, ఐనను వ్రాసినది నిలుచును. పలక చిన్నది, ఖరీదైనది. చిట్టా పెద్దది, చౌక. సర్వర్లు నడుపువారి కష్టములలో సగము ఈ భేదము నుండి పుట్టినవే.

వెబ్ పుట్టిన దినములలో ఈ చిక్కు లేదు. జెనీవా వద్ద సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి, తరువాతి రెండేండ్లలో రూపొందించిన ఆ పద్ధతి పత్రములు చదువుకొనుటకు ఉద్దేశింపబడినది. ఫలానా పత్రము కావలెనని బ్రౌజరు అడుగును, సర్వరు ఇచ్చును, ఇచ్చి, అడిగినవారిని మరచును. మరు నిమిషమున ఆ మనుష్యుడే వచ్చినను దానికి కొత్తవాడే. ఇది లోపముగా తోచును గాని నిజమునకు గొప్ప సౌకర్యము. ఎవరిని గూర్చియు ఏమియు గుర్తుంచుకొననక్కరలేని సర్వరు ఎందరికైనను బదులు చెప్పగలదు. రెండు కోరికల నడుమ దానిని ఆపి మరల నడిపినను, దాని స్థానమున మరియొక యంత్రమును నిలిపినను, చదువరికి తెలియనే తెలియదు.

అమ్మకములు ఆరంభమైనంతనే ఈ సుఖము చెడినది. కొనుగోలుదారుడు మొదటి పుటలో ఒక వస్తువును, మూడవ పుటలో మరియొకదానిని ఏరి బుట్టలో వేసికొనును. పుట పుటకును అతడు కొత్తవాడే యైనచో ఆ బుట్ట ఎవరిది? 1994లో ఎం.సి.ఐ. అను అమెరికా టెలిఫోను సంస్థ ఇట్టి అంగడి నొకదానిని నెలకొల్పబూని, ముగియని బేరముల వివరములను తన సర్వర్లు మోయుచు కూర్చుండుటకు ఇష్టపడక, వానిని కొనువాని కంప్యూటరులోనే ఉంచు ఉపాయము చూడుమని నెట్‌స్కేప్ వారిని కోరెను. అక్కడ పనిచేయుచుండిన లూ మాంటుల్లి పన్నిన ఉపాయమునకే కుకీ యని పేరు. సర్వరు తన సమాధానముతోపాటు ఒక చిన్న చీటిని పంపును. బ్రౌజరు దానిని దాచి, ఆ సర్వరు వద్దకు పోవునప్పుడెల్ల చూపును. ఆ సంవత్సరము అక్టోబరులో వెలువడిన నెట్‌స్కేప్ బ్రౌజరులోనే ఈ ఏర్పాటు ఉండెను. నేడు కుకీ యనగానే ప్రకటనలవారి గూఢచర్యము స్ఫురించుచున్నది. అది పుట్టినది మాత్రము సర్వరు నెత్తి మీది బరువు దింపుటకే.

ఐతే చీటి మీద ఎంత వ్రాయగలము? ఒక్కొక్క కుకీకి కనీసము 4,096 బైట్ల చోటు బ్రౌజర్లు ఈయవలెనని 2011 నాటి ప్రమాణపత్రము చెప్పుచున్నది. ఆచరణలో అంతకు మించి ఆశింపరాదు. పైగా చీటి కొనువాని చేతిలో నుండును గనుక, వాడు వెలలు దిద్దుకొని తెచ్చినచో పట్టుకొనుటకు దాని మీద ముద్ర యొకటి వేయవలసియుండును. కావున పెక్కుమంది వేరొక మార్గము త్రొక్కిరి. దేవాలయము ముందర చెప్పులు భద్రపరచు చోటు మనకు తెలియనిది కాదు. చెప్పులు వారికిచ్చి సంఖ్య గల బిళ్లను తెచ్చుకొందుము. వెబ్‌లోను ఇట్లే చీటి మీద సంఖ్య మాత్రముండును. బుట్ట, పేరు, సగము నిండిన దరఖాస్తు మొదలైన సామగ్రి యంతయు సర్వరు మెమరీలో ఆ సంఖ్య గల గూటిలో నుండును. (ఆ సంఖ్య ఒకటి, రెండు, మూడు అను వరుసలో నున్నచో పొరుగువాని చెప్పులు తెచ్చుకొనుట సులభము, అందుచేత దానిని ఊహకందని పొడుగాటి సంఖ్యగా ఏర్పరతురు.) ఈ గూటికే సెషన్ అని పేరు. ఎం.సి.ఐ. వారు వద్దనుకొన్న బరువు ఈ విధముగా మరల సర్వరు మీదికే వచ్చినది.

చెప్పులు కాచువానికి వచ్చు కష్టమేమి? కొందరు భక్తులు వేరొక ద్వారమున వెడలిపోయి మరల రారు. వెబ్‌లో ఇట్లు పోవువారే ఎక్కువ. బ్రౌజరు మూసినవాడు సర్వరుతో చెప్పి పోడు. ఫోనులో చార్జి అయిపోయినవాడు చెప్పలేడు. బీరువాలో ధ్రువపత్రము వెదకుచున్నవాడును, విసిగి లేచిపోయినవాడును సర్వరు దృష్టిలో ఒకటే. ఇద్దరి నుండియు వచ్చునది నిశ్శబ్దమే. ఒక లెక్క వేసి చూతము. ఒక్కొక్క గూటిలో 100 కిలోబైట్ల సామగ్రి ఉన్నదనుకొందము. గంటకు 10,000 మంది వచ్చినచో గంటకొక గిగాబైటు నిండును. 16 గిగాబైట్ల మెమరీ గల సర్వరు, ఎవరి గూటిని ఖాళీ చేయకయే పోయినచో, ఉదయము 6 గంటలకు ప్రారంభమై రాత్రి 10 గంటలకు నిండిపోవును. పలక నిండిన యంత్రము చిట్టా మీద చిత్తు లెక్కలు వేయనారంభించి మందగించును. బొత్తిగా చోటు లేనప్పుడు ఒక ప్రోగ్రామును ఎంచి బలవంతముగా ఆపివేయు ఏర్పాటు లినక్స్ వంటి వ్యవస్థలలో కలదు. సాధారణముగా ఎక్కువ మెమరీ తినుచున్నదే ఆ వేటునకు గురియగును. వెబ్ సర్వరులో అట్టిది మన ప్రోగ్రామే.

అక్కరలేనివానిని యంత్రమే ఏరి పారవేయరాదా యని అడుగవచ్చును. పారవేయును. ఆ విద్య వెబ్‌కంటె ముప్పదేండ్లు పెద్దది. ఎం.ఐ.టి.లో లిస్ప్ అను భాషను నిర్మించిన జాన్ మెకార్తీ 1960లో ప్రకటించిన వ్యాసములో దానిని వివరించెను. ఖాళీ గూళ్లు ఉన్నంతవరకు ప్రోగ్రాము వానిని వాడుకొనుచు పోవును. అవి అయిపోయినప్పుడు పని నిలిపి శోధన ఆరంభమగును. ప్రోగ్రాము చేతిలో నున్న కొన్ని మూలస్థానముల నుండి బయలుదేరి, ఒక గూడు మరియొక గూటిని చూపగా, అది ఇంకొకదానిని చూపగా, అందినంతవరకు పోయి, అందిన ప్రతి గూటికిని ఋణ చిహ్నము పెట్టును. తరువాత మెమరీనంతటిని వరుసగా చూచి, ఋణ చిహ్నము లేనివి ఎవరికిని అందనివి గనుక వానిని ఖాళీల జాబితాలో చేర్చి, ఉన్నవాని చిహ్నమును మరల యథాస్థితికి తెచ్చును. ఇది చూచుటకు ఎంత సులభమో అంత చక్కని యుక్తి. ఐతే ఆనాటి ఐ.బి.ఎం. 704 యంత్రము మీద దీనికి కొన్ని సెకండ్లు పట్టెడిది. అందుచేత ఒక్కొక్క శోధనకు కొన్ని వేల గూళ్లయినను దొరకనిచో యంత్రము కాలమంతయు ఈ పనికే చెల్లునని మెకార్తీయే హెచ్చరించినాడు. వంట సాగక ఇల్లు ఊడ్చుటయే సరిపోయిన సంసారము వంటిదన్నమాట.

ఈ సందర్భమున ఒక వేడుక యైన సంగతి. పారిశ్రామికుల సభలో లిస్ప్‌ను ప్రదర్శించుచుండగా పని నడుమ మెమరీ నిండినదట. అప్పుడు సెకండునకు పది అక్షరముల చొప్పున కొట్టు టైపు యంత్రము, చెత్త ఏరువాడు పిలువబడెనని, ఆసక్తికరమైన అంకెలు ఇవియని సావకాశముగా అచ్చువేయ మొదలిడెను. ప్రదర్శనకు మిగిలిన వేళ దానికే చెల్లిపోయినదనియు, సభవారు నవ్విరనియు మెకార్తీ తరువాతి కాలమున వ్రాసినాడు.

ఈ చెత్త ఏరువాడు నేటి జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ మొదలైన భాషలన్నింటను ఏదో యొక రూపమున కలడు. ఐనను వాని శక్తికి ఒక హద్దు కలదు. అందనిదానిని ఏరగలడు గాని అక్కరలేనిదానిని గుర్తింపలేడు. బిళ్ల సంఖ్య పుస్తకములో ఉన్నంతకాలము ఆ చెప్పులజోడు అందుచునే యున్నది. సెషన్ల పట్టిక ఆ గూళ్లను చేత పట్టుకొనియుండగా వానిని చెత్త యనుటకు వానికి అధికారము లేదు. పోయినవాడు పోయినట్లే యని తీర్పు చెప్పవలసినది మనుష్యుడు. ఆ తీర్పే గడువు.

పి.హెచ్.పి. భాషలో మొదటి నుండి పెట్టియిచ్చు గడువు 1,440 సెకండ్లు, అనగా 24 నిమిషములు. (అది గూళ్లను సాధారణముగా మెమరీలో గాక డిస్కు మీద ఫైళ్లుగా ఉంచును, గడువు సూత్రము మాత్రము ఒకటే.) టామ్‌క్యాట్ అను జావా సర్వరులో 30 నిమిషములు. ఇవి ఎవరి యవసరమును బట్టి వారు మార్చుకొనదగిన సంఖ్యలు. మా అభిప్రాయములో తప్పు ఇచటనే జరుగుచున్నది. దరఖాస్తును రూపొందించినవారు, దానిని ఒక పల్లెటూరి విద్యార్థి ఫోను మీద నింపుటకు ఎంతసేపు పట్టునో కొలిచి చూడక, పెట్టెలో వచ్చిన సంఖ్యనే అట్లే ఉంచుదురు. సర్వరు మెమరీకి సరిపోవు గడువు మనుష్యుని తీరికకు సరిపోవలెనను నియమమేమియు లేదు.

అట్లని గడువు ఎంత పొడుగైన అంత మేలని తలంపరాదు. బ్యాంకు పుటను తెరచి, ఇంటర్నెట్ సెంటరులో కుర్చీ నుండి లేచిపోయినవాని స్థానమున మరు నిమిషము ఎవరు కూర్చుందురో తెలియదు. అట్టిచోట త్వరగా మరచు సర్వరే మనకు రక్ష. లాగౌట్ బొత్తామును నొక్కుట చాదస్తము కాదు. ఆ గూటిని ఇప్పుడే ఖాళీ చేయుమని సర్వరుతో చెప్పగల మార్గము మనకు అదియొక్కటే. ఇందొక సూక్ష్మము కలదు. వివరములన్నియు ముద్ర వేసిన చీటి మీదనే వ్రాసి చేతికిచ్చు పద్ధతిలో సర్వరు వద్ద గూడే లేదు గనుక ఖాళీ చేయుటకును ఏమియు లేదు. ఒకసారి ఇచ్చిన చీటి దాని మీది తేది తీరువరకు చెల్లుచునే యుండును. దానిని రద్దు చేయవలెనన్నచో రద్దయిన చీటీల జాబితా నొకదానిని సర్వరు ఉంచుకొనవలెను. మరల జ్ఞాపకము వచ్చి చేరినది!

గడువును కాలముతో గాక సంఖ్యతో నిర్ణయించు పద్ధతియు ఒకటి కలదు. 1995లో పాల్ గ్రాహమ్, రాబర్ట్ మోరిస్ అను మిత్రులు, ఎవరి దుకాణమును వారు బ్రౌజరు నుండియే కట్టుకొనుటకు వీలుగా వయావెబ్ అను ప్రోగ్రామును లిస్ప్‌లో వ్రాసిరి. 1998లో దానిని యాహూ సంస్థ కొనినది. అందు ఒక లంకెను నొక్కినచో తరువాత జరుగవలసిన పని, దానికి వలసిన వివరములతో సహా, ఒక చిన్న ప్రోగ్రాము తునకగా సర్వరు మెమరీలో సిద్ధముగా నుండెడిది. వ్రాయువానికి ఇది ఎంతయో సుఖము. గ్రాహమ్ 2008లో వెలువరించిన ఆర్క్ అను భాషలోని సర్వరును ఇట్లే నడచును. ఒక్కొక్క పుటకు ఇట్టి తునకలు అనేకము లేచును గనుక వాని మొత్తమునకు ఒక పరిమితి పెట్టిరి. పరిమితి దాటినప్పుడు మొదట కాలము తీరినవానిని, అదియు చాలనిచో అన్నింటికంటె పాతవానిని కొన్నింటిని తీసివేయును. అట్లు తీసివేసిన లంకెను నొక్కినవారికి, అది తెలియని లంకె లేదా కాలము తీరిన లంకె యను సమాధానము వచ్చును. రద్దీ లేని దినమున పుటను తెరచి భోజనము చేసి వచ్చినను లంకె పనిచేయును. రద్దీ దినమున తాంబూలము ముగియకముందే చెడును. ఒకని గడువు పరుల రాకను బట్టి కుదించుకొనిపోవుట యంత్రమునకు న్యాయమే కావచ్చును గాని, కారణము తెలియని మనుష్యునకు అది వట్టి చపలత్వముగా కనబడును.

గడువులు సరిగా పెట్టినను మెమరీ కొంచెము కొంచెముగా తరుగుచుండుట మరియొక వ్యాధి. ఒక జాబితాలో చేర్చుటయే గాని తీసివేయుటను ఎవరును వ్రాయలేదు. సి వంటి భాషలో అడిగి తీసికొన్న చోటును మరల అప్పగించుట ఎచటనో మరచిరి. కుండకు పడిన సన్నని బీట వంటిది. దీనినే మెమరీ లీకు అందురు. బీట ఎచట నున్నదో వెదకుటకు వారములు పట్టవచ్చును. అంతవరకు సర్వరు నడువవలెను కదా! అపాచీ అను ప్రసిద్ధ సర్వరులో చిరకాలముగా ఒక సదుపాయము కలదు. కోరికలను తీర్చు ఒక్కొక్క పనివాడును ఇన్ని సంబంధముల పిమ్మట విరమింపవలెననియు, వాని చోట కొత్తవాడు రావలెననియు సంఖ్య నిర్ణయింపవచ్చును. పనివాడు పోయినప్పుడు వాడు పోగుచేసికొన్న మెమరీ యంతయు తిరిగి వచ్చును. పొరపాటున కారు మెమరీకి హద్దు పెట్టుట దీని ప్రయోజనమని ఆ సర్వరు కరదీపికయే చెప్పుచున్నది. బెల్ ప్రయోగశాలల పరిశోధకులు కొందరు 1995లో ఇట్టి చికిత్సకు పునర్యౌవనమని పేరు పెట్టి, చెడిన పిమ్మట లేపుటకంటె చెడకముందే తీరిక వేళ చూచి ఆపి నడుపుట ఎప్పుడు లాభమో లెక్కలతో చూపిరి. రీస్టార్టు చేయుట చేతగానివాని వైద్యమని ఎగతాళి చేయువారు కలరు. మేము అట్లు తలంపము. ఆపి నడుపవలసిన వేళ ఆపక నడిపిన యంత్రము ఎంత కీడు తెచ్చునో చూపు ఉదాహరణ మొకటి, వెబ్‌కు చెందనిదైనను, ఇచట చెప్పక తప్పదు.

1991 ఫిబ్రవరి 25వ తేదీ రాత్రి సౌదీ అరేబియాలోని దహ్రాన్ వద్ద ఇరాకు ప్రయోగించిన స్కడ్ క్షిపణి అమెరికా సైనికుల వసతి మీద పడి 28 మంది మరణించిరి. దానిని నడుమనే కూల్చవలసిన పేట్రియట్ దళము అచట నుండియు తన క్షిపణిని వదలనే లేదు. కారణమును అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయము 1992లో ప్రకటించినది. పేట్రియట్ కంప్యూటరు తనను నడపనారంభించిన క్షణము నుండి కాలమును సెకండులో పదవ వంతులుగా లెక్కించుచుండును. ఆ లెక్కను సెకండ్లలోనికి మార్చుటకు పదవ వంతుతో గుణింపవలెను. మన దశాంశ పద్ధతిలో మూడవ వంతు 0.333 అని ఎట్లు అంతులేక సాగునో, కంప్యూటరు వాడు ద్విసంఖ్యామానములో పదవ వంతు అట్లే అంతులేక సాగును. దానిని 24 స్థానముల వద్ద తెంపి వాడిరి. తెగిపోయిన తునక అత్యల్పము. కాని యంత్రము ఎంతకాలము ఆగక నడచిన ఆ పొరపాటు అంత పెరుగును. ఆ రాత్రికి అది 100 గంటలకు పైగా నడచియుండెను. పొరపాటు సెకండులో మూడవ వంతునకు చేరెను. సెకండునకు కిలోమీటరున్నరకు పైగా పరుగిడు వస్తువు విషయములో ఇది సామాన్యమా? రాడారు చూడవలసిన చోటు అర కిలోమీటరునకు మించి తప్పినది. అచట ఏమియు కనబడనందున, మొదట కనబడినది భ్రమ యని యంత్రము వదలివేసెను.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకను కలదు. కొన్ని గంటలు నడచినంతనే గురి జరుగుచున్నదని ఇజ్రాయెలు వారు ఫిబ్రవరి 11ననే తెలిపియుండిరి. ఆపి మరల నడిపినచో కాలము సున్న నుండి లెక్కింపబడి పొరపాటంతయు తుడిచిపోవును. దానికి ఒకటి, ఒకటిన్నర నిమిషములు చాలును. ఫిబ్రవరి 21న దళములకు ఒక సందేశము పోయినది. మిక్కిలి దీర్ఘకాలము నడిపినచో గురి జరుగవచ్చునని అందు వ్రాసిరి. దీర్ఘకాలమనగా ఎన్ని గంటలో వ్రాయలేదు. సరిదిద్దిన ప్రోగ్రాము దహ్రాను చేరినది ఫిబ్రవరి 26న.

గంటల సంఖ్య వ్రాయని హెచ్చరిక ఎట్టిదో, ఏమి పోవునో తెలిసికొనక చేసిన రీస్టార్టును అట్టిదే. పలక తుడిచినప్పుడు పిచ్చిగీతలతోపాటు మంచి లెక్కలును పోవును. మధ్యాహ్నము 11 గంటల వేళ సర్వరును ఆపి నడిపినచో కారిన మెమరీ తిరిగి వచ్చును. దానితో వేలమంది బుట్టలు, సగము దరఖాస్తులు మాయమగును. అంతటితో పోదు. వారందరును ఒక్కమారే మరల లాగిన్ చేయుదురు. తరచుగా కావలసిన వివరములను సర్వరు చిట్టా నుండి తీసి పలక మీద ఎత్తి వ్రాసికొనియుండును. అదియు తుడిచిపోయినది గనుక ప్రతి ప్రశ్నకును చిట్టా తిరగవేయవలసివచ్చును. ఇప్పుడే లేచిన సర్వరు ఆ తాకిడికి మరల కూలుట అరుదైన సంగతి కాదు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన జార్జ్ కాండియా, ఆర్మాండో ఫాక్స్ అనువారు 2003లో ఈ ప్రశ్నను తలక్రిందులు చేసి చూచిరి. ప్రోగ్రామును మర్యాదగా ఆపుటకు ఒక దారి, కూలిన పిమ్మట లేపుటకు ఒక దారి ఎందుకు? ఎప్పుడైన హఠాత్తుగా ఆపుటకును, త్వరగా లేపుటకును తగినట్లే మొదటి నుండి దానిని వ్రాయవలెనని వారి వాదము. తమ మిత్రులతో కలసి 2004లో ప్రకటించిన ప్రయోగములో వారు ఒక వేలముపాటల వెబ్ ప్రోగ్రామును తీసికొని, దానిని చిన్న చిన్న భాగములుగా విడదీసి, చెడిన భాగమును మాత్రమే ఆపి లేపిరి. అట్లు చేయగలుగుటకు వారు ముందుగా చేసిన పని గమనింపుడు: ఆ భాగములలో వాడువారి స్థితి ఏదియు నిలువ లేకుండ చేసిరి. సెషన్లు వేరొక భాండారములో, శాశ్వతమైన లెక్కలు డేటాబేసులో. పని చేయు చోట దాచుకొనుట లేదు. కావున తుడుచుటకు భయము లేదు.

నేడు పెద్ద సర్వర్లు నడుపువారు సామాన్యముగా ఈ దారినే పోవుచున్నారు. సెషన్ గూళ్లను రెడిస్ వంటి వేరొక ప్రోగ్రాము వద్ద ఉంచి, ఒక్కొక్క గూటికిని గడువు కట్టుదురు. వెబ్ ప్రోగ్రామును నాలుగైదు యంత్రముల మీద నడిపి, ఒక్కొక్కదానిని వంతున, కొత్త కోరికలు రానీయక, చేతిలోని పని ముగియనిచ్చి, ఆపి లేపుదురు. వాడువారికి ఏమియు తెలియదు. డబ్బు విషయము మాత్రము మరింత జాగ్రత్తతో కూడినది. సొమ్ము ముట్టినదని చెప్పుటకు ముందే చిట్టాలో వ్రాసితీరవలెను. ప్రతి చెల్లింపునకును ఒక ప్రత్యేక సంఖ్య నిచ్చుటయు అవసరమే. బదులు రాక కొనువాడు రెండవసారి బొత్తాము నొక్కినను, ఆ సంఖ్యను చూచి, ఇది పాతదే యని సర్వరు గ్రహింపవలెను. ఖాతాలో సొమ్ము తగ్గి టిక్కెట్టు రాని సందర్భములలో కొన్నింటికైనను మూలము ఈ వరుస తప్పుటయే.

ఇక దరఖాస్తుల సంగతి. ఒక్కొక్క పుట నింపగానే చిత్తుప్రతిగా డిస్కు మీద వ్రాసి, లాగిన్ గడువు తీరినను చిత్తుప్రతిని నిలుపుట కష్టమైన పని కాదు. భద్రతకు ఒక గడువు, వ్రాతకు వేరొక గడువు ఉండవచ్చును. వెబ్ పుటలు అందరికిని అనువుగా నుండుటకై అంతర్జాతీయముగా ఏర్పడిన డబ్ల్యు.సి.ఏ.జి. నియమములు 2008లోనే దీనిని పట్టించుకొన్నవి. గడువు తీరకముందు హెచ్చరించి, ఒక సులభమైన చర్యతో పొడిగించుకొనుటకు కనీసము 20 సెకండ్ల వ్యవధి నీయవలెననియు, పది మారులైనను పొడిగింపు సాగనీయవలెననియు అందలి మార్గములలో ఒకటి. 2018లో దానికి మరియొకటి చేర్చిరి. ఎంతసేపు ఊరకున్నచో వ్రాసినది పోవునో ముందుగా చెప్పవలెను. లేదా వాడువాడు ఊరకున్నను అతని వ్రాతను 20 గంటలకు పైగా భద్రపరుపవలెను. ఈ రెండవ నియమము ఉత్తమ శ్రేణికి చెందినది, అనగా తప్పనిసరి కాదు. మన దరఖాస్తులను రూపొందించువారిని, టెండరు కాగితములలో ఈ ఇరువది గంటల మాటను కూడ వ్రాయించుడని మేము కోరుచున్నాము.